నాగవేణి పెన్‌డ్రైవులో నాలుగు గళ్లు

నాగవేణి మొదటిసారి నా షాపుకు వచ్చినప్పుడు పెన్‌డ్రైవును కొంగు చివర ముడి వేసుకుని తెచ్చింది. ముడి విప్పి దాన్ని కౌంటరు మీద పెట్టి, "మొన్న ఫార్మాట్ చేశానండీ. అప్పట్నుంచి మా మగ్గం దీన్ని చూట్టంలేదు," అంది.

వన్ టౌన్‌లో ఇరవై రెండేళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. కంప్యూటరు చూడడం లేదని, టీవీ చూడడం లేదని, కారులో పాటలు రావడం లేదని పెన్‌డ్రైవులు తెచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. మగ్గం చూడడం లేదని తెచ్చింది మాత్రం ఈమె ఒక్కతే.

"మగ్గానికి పెన్‌డ్రైవెందుకమ్మా?" అన్నాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. చీర అంచులో చిలకో మామిడిపిందో నేయాలంటే, ప్రతి పోగుకూ ఏ దారాలు పైకి లేవాలో మగ్గానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఇదివరకు ఆ పని అట్టలు చేసేవి. చిల్లులు పొడిచిన అట్టలను దండలా గుచ్చి మగ్గం మీద వేలాడదీసేవారు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. మూడేళ్ల కిందట వాళ్ల ఇంట్లో అట్టలు తీసేసి, వాటి బదులు కరెంటు పెట్టె బిగించారు. ఇప్పుడు బొమ్మ కంప్యూటరులో గీసి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి, పెట్టెకు గుచ్చితే చాలు.

"బొమ్మ ఎవరు గీస్తారు?"

"నేనేనండీ," అంది. గొప్పగా కాదు, వంట ఎవరు చేస్తారంటే చెప్పినట్టు చెప్పింది.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి ఆటో ఎక్కితే పావుగంట దూరంలో వాళ్ల పేట. అన్నీ మగ్గాల ఇళ్లే. నాగవేణి తండ్రి కూడా నేతగాడే. ఆయన గళ్ల కాగితం మీద పెన్సిలుతో చిలకను గీస్తే, తొమ్మిదేళ్ల నాగవేణి పక్కన బోర్లా పడుకుని ఎర్ర పెన్సిలుతో గళ్లు నింపేది. ఒక గడి అంటే మగ్గం మీద దారాన్ని లేపే ఒక హుక్కు. ఒక్క గడి తప్పినా చిలక ముక్కు వంకర పోతుంది. ఆ లెక్క ఆమె వేళ్లలో అప్పుడే పడింది. పదో తరగతితో బడి ఆగింది. ఇరవయ్యో ఏట గోపీనాథ్‌తో పెళ్లయింది. అత్తారింట్లో ఆమె పని కండెలు చుట్టడం. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే షటిల్‌లో పెట్టే దారాన్ని కండెల మీదికి ఎక్కించే ఆ పని రోజంతా ఉంటుంది, చీర పూర్తయ్యాక ఎవరికీ కనబడదు.

కరెంటు పెట్టె వచ్చినప్పుడు కంపెనీ మనిషి రెండు రోజులుండి, బటన్లు ఎలా నొక్కాలో మగవాళ్లకు చూపించి వెళ్లిపోయాడు. బొమ్మలు గీయడం ఎవరికీ రాలేదు. నాగవేణి మధ్యాహ్నాలు జంక్షన్‌లోని కంప్యూటరు సెంటరుకు మూడు నెలలు వెళ్లింది. మౌసు పట్టుకోవడానికి వారం పట్టిందట. గళ్లు నింపడం మాత్రం సెంటరు సారుకే నేర్పి వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంటి చీరల అంచులన్నీ ఆమెవే. కండెలు పక్కింటి సంపూర్ణమ్మ చుట్టి పెడుతోంది.

సరే, పెన్‌డ్రైవు సంగతికి వస్తాను. జంక్షన్‌లో ఏదో కాగితం ప్రింటు తీయిస్తే అక్కడి కంప్యూటరులోంచి దానికి వైరస్ ఎక్కింది. ఫైళ్లన్నీ బాణం గుర్తులయిపోయాయి. బొమ్మలు ఇంట్లో కంప్యూటరులో ఉన్నాయి కాబట్టి ఆమె బెదరలేదు. ఫోనులో ఏదో వీడియో చూసి ఫార్మాట్ కొట్టేసింది. మంచి పనే. కానీ ఆ వీడియో మనిషి ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో చేయమన్నాడు.

"మీ పెట్టె పాత కాలం మనిషమ్మా," అన్నాను. "దానికి ఫ్యాట్ థర్టీటూ అనే పద్ధతి ఒక్కటే వచ్చు. ఫార్మాట్ చేసేటప్పుడు పైన గడిలో అది చూసుకుని ఓకే కొట్టాలి."

నా కంప్యూటరుకు గుచ్చి చూశాను. బొమ్మ ఫైలు ఉంది. దాని పక్కనే ఇంకో ఫైలు. పేరుండాల్సిన చోట నాలుగు ఖాళీ గళ్లు, లోపల ఏమీ లేదు. వైరస్ తాలూకు చెత్త అనుకున్నాను. పెన్‌డ్రైవులు చూసేందుకు నేను వాడేది పదిహేనేళ్ల పాత కంప్యూటరు. వైరసులు కూడా దాన్ని చిన్నచూపు చూస్తాయి, అందుకే అది నాకు ఇష్టం. ఆమె బొమ్మను పక్కకు తీసి, ఫార్మాట్ చేసి, మళ్లీ ఎక్కించి ఇచ్చాను. సాయంత్రం ఫోను వచ్చింది. "మగ్గం చూసిందండీ అన్నయ్యగారూ!" వెనకాల టకటకమని నేత చప్పుడు వినిపించింది.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. మగ్గానికి కొత్త పడుగు దారాలు ఎక్కించారు, కొత్త బొమ్మ పెట్టాలి. పెట్టె మీది చిన్న తెర మీద కొద్ది పేర్లే పడతాయి కాబట్టి, ఆమె పెన్‌డ్రైవును ఖాళీ చేసి మొదలుపెట్టింది. నేను చెప్పినట్టు ఫ్యాట్ థర్టీటూలోనే ఫార్మాట్ చేసింది. పెట్టె "రీడింగ్" అని చూపించి అక్కడే ఆగిపోయింది.

గుచ్చి చూశాను. ఫార్మాట్ సరిగ్గా ఉంది. బొమ్మ ఫైలు బాగుంది. పక్కనే మళ్లీ నాలుగు గళ్లు.

"పెన్‌డ్రైవు పోతోందమ్మా," అన్నాను, ఎంతో తెలిసినవాడిలా. "లోపల చిప్పు చెడితే ఇలాగే పిచ్చి పేర్లు పుట్టుకొస్తాయి. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అంతే."

కొత్తది తీసి, అదే బొమ్మను నా చేత్తో ఎక్కించి ఇచ్చాను. పని చేసింది. నా మాటే నిజమనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత అంచు కొంచెం మార్చి, ఆ కొత్తదాన్నే ఇంట్లో ఫార్మాట్ చేసుకుంది. మళ్లీ "రీడింగ్".

ఈసారి ఫోనులో ఆమె గొంతు మారింది.

"మీరు చేస్తే చూస్తోందండీ, నేను చేస్తే చూట్టంలేదు. సంపూర్ణమ్మ పిన్నిగారు నా హస్తవాసి మంచిది కాదంటున్నారు. మావయ్యగారు అట్టల మేస్త్రికి కబురు పెట్టేశారు. గురువారం పొద్దున్నకి పెట్టె చూడకపోతే, దాన్ని దింపేసి మళ్లీ అట్టలు ఎక్కిస్తారంట."

"అట్టలెక్కిస్తే మీరేం చేస్తారమ్మా?"

"కండెలు చుడతాను. కండెలు చుట్టడం నాకేం నామోషీ కాదండీ. కానీ ఆ చిలక నాదండీ."

అది సోమవారం. బుధవారం పొద్దున్నే షాపు మూసి, సంచిలో రెండు పెన్‌డ్రైవులు, ఒక స్క్రూడ్రైవర్ల డబ్బా వేసుకుని బస్సెక్కాను. ఆమె కంప్యూటరులోనే వైరస్ ఉండి ఉంటుందని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. గన్నవరం దాటేసరికి నమ్మేశాను కూడా.

వాళ్లింట్లో నడవ సగం మగ్గమే. పడుగు బిగించి ఉంది, ఆకుపచ్చ నూలు. గోపీనాథ్ పని లేక గుమ్మంలో కూర్చుని పాత షటిల్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు. అద్దంలా మెరిసినా ఇంకా తుడుస్తున్నాడు. నాగవేణి మామగారు ఆదిశేషయ్య నాకు కుర్చీ వేయించాడు. డెబ్బై ఏళ్లుంటాయి, నడుం ఇంకా నిటారుగానే ఉంది. అరుగు మీద సంపూర్ణమ్మ కండెలు చుడుతూ చెవులు ఇటు పెట్టింది.

కంప్యూటరును రెండు గంటలు వెతికాను. వైరస్ లేదు. గుచ్చే రంధ్రాలు బాగున్నాయి. పెట్టె వెనక మూత విప్పి చూశాను, అక్కడా తేడా లేదు. నా చేత్తో పెన్‌డ్రైవు ఫార్మాట్ చేసి బొమ్మ ఎక్కించాను. పెట్టె చూసింది. ఆమెను చేయమని చెప్పి నేను చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లొచ్చాను. పెట్టె చూడలేదు.

"చూశారా?" అంది సంపూర్ణమ్మ. "కొందరి చెయ్యి అంతేనండీ. నేను మునగ కొమ్మ పాతితే చిగురేసుద్ది. మా తోడికోడలు పాతితే పొయ్యిలోకి పనికొచ్చుద్ది."

"యంత్రాలకి హస్తవాసి ఉండదండీ," అన్నాను.

"అట్టా అనకండి స్టీఫెన్ గారూ," అన్నాడు ఆదిశేషయ్య. "ఒకే నూలు, ఒకే పడుగు. ఒకడు అతికితే నిలబడుద్ది, ఇంకోడు అతికితే తెగుద్ది. యాభై ఏళ్లుగా చూస్తున్నా. నా కోడలి బొమ్మకి వంక పెట్టట్లేదు. ఆ పెట్టెకీ దానికీ పడట్లేదు, అంతే. అట్టలకి ఇయ్యన్నీ ఉండవు."

నాగవేణి మౌసు తీగను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

పెద్దాయన మాట నన్ను వదల్లేదు. ఒకడు అతికిన పోగు తెగి, ఇంకొకడిది నిలిస్తే, దానికి ముడి వేసే తీరులో ఏదో తేడా ఉంటుంది. చెయ్యి మంచిది కాదంటే, చెయ్యి ఏం చేస్తోందో చూడాలి కదా. నేను ఇన్నాళ్లూ పెన్‌డ్రైవును చూశాను, కంప్యూటరును చూశాను, పెట్టెను విప్పి మరీ చూశాను. ఆమె పని చేస్తుంటే మాత్రం ఒక్కసారి కూడా పక్కన నిలబడలేదు.

"అమ్మా, ఇంకొక్కసారి చెయ్యండి. రోజూ చేసేటట్టే చెయ్యండి. నేనున్నానని ఒక్కటి ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆమె పెన్‌డ్రైవు గుచ్చింది. ఫార్మాట్ తెరిచింది, ఫ్యాట్ థర్టీటూ ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది, ఓకే కొట్టింది. అయింది. ఖాళీ పెన్‌డ్రైవు తెరిచింది. చకచకా ఏదో రెండు మీటలు నొక్కి, నాలుగు అక్షరాలు కొట్టి, ఎంటర్ నొక్కి, కుడిచెయ్యి కళ్లకు అద్దుకుంది. తర్వాత చిలక బొమ్మను తెచ్చి కాపీ పెట్టింది. మొత్తం ఒక్క నిమిషం.

"ఆగండమ్మా. ఇప్పుడేం చేశారు?"

"కాపీ పెట్టానండీ."

"దానికి ముందు?"

"ఫార్మాట్ చేశాను."

"ఆ రెంటికీ మధ్యలో?"

"మధ్యలో ఏం చెయ్యలేదే!" అంది, నిజంగానే ఆశ్చర్యపడుతూ. నేను తెర మీదికి వేలు చూపించాను. బొమ్మ ఫైలుకు పైన ఇంకో ఫైలు ఉంది. ఆమె కంప్యూటరులో దాని పేరు చక్కగా, గుండ్రంగా, తెలుగులో కనబడుతోంది.

శ్రీ.

"ఓ, అదా! శ్రీ రాశానండీ. అదేం పని?"

నేను స్టూలు తెర దగ్గరికి లాక్కుని, "అదెందుకమ్మా?" అన్నాను.

"కొత్త పుస్తకం తెరిస్తే ముందు శ్రీ రాయమా? మా నాన్నగారు గళ్ల కాగితం మీద మూల శ్రీ రాయందే పెన్సిలు పెట్టేవారు కాదు. ఫార్మాట్ అంటే అన్నీ పోయి కొత్తదైపోద్ది కదా. అందుకని ముందు ఒక ఉత్త ఫైలు పెట్టి, దానికి శ్రీ అని పేరు పెడతాను. లోపల ఏం రాయనండీ. ఇదివరకు ఫార్మాట్ చేసేదాన్ని కాదు, పాత బొమ్మ చెరిపి కొత్తది పెట్టేదాన్ని."

కంప్యూటరు ఆ అక్షరాన్ని విడదీసి దాచుకునే తీరులో వేళ్ల మీద లెక్కపెట్టాను. శ ఒకటి, పొల్లు రెండు, ర మూడు, గుడిదీర్ఘం నాలుగు. తెలుగు రాని నా పాత కంప్యూటరు ఆ నాలుగింటికీ నాలుగు గళ్లు చూపించింది. దాన్ని నేను ఒకసారి వైరస్ అన్నాను, ఇంకోసారి చెడిపోయిన చిప్పు అన్నాను. మంచి పెన్‌డ్రైవు ఒకటి చెత్తబుట్టలో వేయించాను. ఆ సంగతి అందరి ముందూ చెప్పి, "తప్పు నాదమ్మా. నాలుగు గళ్లు కనబడగానే ఇదేంటని మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది," అన్నాను.

"అయితే నా హస్తవాసి...?"

"మీ హస్తవాసి బంగారం. పెట్టెకి తెలుగు రాదు, అంతే. ఇలాంటి పెన్‌డ్రైవులో ముందు పెట్టింది ముందు, వెనక పెట్టింది వెనక ఉంటుంది. పెట్టె పైనుంచి చదువుకుంటూ వస్తుంది. మొదటి పేరే దానికి అర్థంకాని అక్షరాల్లో ఉండేసరికి నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది."

ఆ ఒక్క ఫైలు తీసేసి పెన్‌డ్రైవును పెట్టెకు గుచ్చాను. తెర మీద చిలక ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. గోపీనాథ్ "వచ్చింది!" అని షటిల్‌తో సహా లేచాడు.

"కూర్చోండి," అన్నాను. ఒకసారి పని చేసినంత మాత్రాన నేను నమ్మను. అంతకుముందు అలా నమ్మే కదా చిప్పు చెడిందన్నాను. మళ్లీ ఖాళీ చేసి, శ్రీని మొదట పెట్టించాను. ఆగిపోయింది. తీసేశాను. నడిచింది. ముందు బొమ్మ, దాని తర్వాత శ్రీ పెట్టి చూశాను. బొమ్మ పేరు చూపించి, శ్రీ దగ్గరికి రాగానే మళ్లీ ఆగింది. ఉత్త ఫైలు కావడం తప్పా, అక్షరాలు తప్పా తేల్చుకోవడానికి, అదే ఉత్త ఫైలుకు ఇంగ్లీషులో శ్రీ అని పేరు పెట్టాను. పెట్టె దాన్ని పట్టించుకోకుండా చిలక దగ్గరికి వెళ్లిపోయింది.

"ఇంకేం, తేలిపోయింది," అన్నాను. "ఇంగ్లీషులో రాసుకోండమ్మా."

ఆదిశేషయ్య ముఖం చిట్లించాడు. "ఇంగ్లీషులో రాస్తే శ్రీ ఎట్టా అవుద్దండీ? ఎస్సారై అవుద్ది."

"మరి రాయకుండా ఎలా మొదలెట్టను మావయ్యగారూ?" అంది నాగవేణి. ఆమెకు అది పెద్ద చిక్కే.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. "మా అమ్మ ఉత్తరం రాస్తే పైన 'దేవునికి స్తోత్రం' అని రాసేదండీ. శ్రీ అన్న ఒక్క అక్షరానికే మీ పెట్టె ఇలా అయిపోతే, మా అమ్మ మాటకి మూర్ఛపోయేదే."

సంపూర్ణమ్మ కూడా నవ్వింది. ఆదిశేషయ్య కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"అయినా పిచ్చిదానా, పుస్తకంలో రాసేది పేజీ ఉంటది గనక. దీనికి లోపలెందుకే? పైన రాయి. గోపీ, ఆ పసుపు పట్రా."

"పసుపొద్దు బాబాయిగారూ!" అని నేను పెన్‌డ్రైవును గుప్పిట్లోకి లాక్కున్నాను. "లోపలికి పోయిందంటే నన్ను మళ్లీ బస్సెక్కిస్తారు. నా దగ్గర మార్కర్ ఉంది."

నాగవేణి పెన్‌డ్రైవు వీపు మీద నల్లటి శ్రీ రాసింది. అంత చిన్న చోట గుడిదీర్ఘం కూడా చక్కగా పట్టింది. ఆరనిచ్చి పెట్టెకు గుచ్చింది.

గోపీనాథ్ మగ్గంలోకి దిగాడు. తొక్కుడు పడగానే పైన పెట్టె టక్కుమంది, హుక్కులు లేచాయి, షటిల్ ఇటునుంచి అటు పోయింది. నాలుగు రోజులు ఊరికే కూర్చున్న మనిషి కదా, ఆపకుండా నేశాడు. ఆకుపచ్చ నేత మీద పసుపు చిలక ముక్కు వచ్చింది, పొట్ట వచ్చింది, తోక వచ్చింది, దాని వెనకే రెండో చిలక మొదలైంది. ఆదిశేషయ్య వంగి అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. "బానే ఉంది," అన్నాడు. ఆ ఇంట్లో అది చాలా పెద్ద మాటని నాగవేణి ముఖం చూస్తే తెలిసింది.

అట్టల మేస్త్రికి రావద్దని చెప్పడానికి ఆయనే కొడుకు ఫోను అడిగి తీసుకున్నాడు. ఫోను మాట్లాడుతుండగానే నాగవేణి, "ఏవండీ, ఆపండి," అంది.

గోపీనాథ్ తొక్కుతూనే, "మళ్లీ ఏమైందే?" అన్నాడు.

"మొదటి చిలక తోకా రెండో చిలక ముక్కూ కలుసుకునే చోట ఒక గడి ఎక్కువైంది. చూడండి, రెండో చిలక మొదటిదాని తోక కొరుకుతోంది."

నేను వంగి చూశాను. నాకు ఏమీ కనబడలేదు. గోపీనాథ్ కూడా చూశాడు. "ఎవడికి కనబడుద్దే అది? చీర కట్టుకునే ఆవిడ అంచుకి భూతద్దం పెట్టుకుని చూసుద్దా? నాలుగంగుళాలు నేశాను!"

"చీర పొడుగంతా కొరుక్కుంటానే ఉంటాయి."

గోపీనాథ్ తండ్రి వైపు చూశాడు. నేనూ చూశాను. చివరి మాట ఆయనది. నాలుగు రోజులు పని పోయింది, పెట్టె ఇప్పుడే దారికి వచ్చింది. "ఈ ఒక్క చీరకీ కానియ్యి" అంటాడనుకున్నాను.

ఆదిశేషయ్య ఫోను చెవి దగ్గర నుంచి దించాడు. "ఆపరా. బొమ్మ దానిది. తప్పుందంటే ఉంది. ఊడదియ్యి."

గోపీనాథ్ నుదురు కొట్టుకుని, నేసిన పోగులను ఒక్కొక్కటే వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. నేయడానికి పట్టినదానికి మూడింతలు పట్టే పని అది. నాగవేణి అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని, చిలక తోక దగ్గర గళ్లు పెద్దవి చేసి చూస్తోంది. అలవాటు కొద్దీ నేను లేచి, "బొమ్మ సరిచేసివ్వండమ్మా, పెన్‌డ్రైవులోకి నేనెక్కించి పెడతాను," అన్నాను.

"మీరు టీ తాగండి స్టీఫెన్ గారూ," అన్నాడు ఆదిశేషయ్య. "దాని పని అది చేసుకుంటది."

సంపూర్ణమ్మ ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. లోపల మౌసు నాలుగైదుసార్లు టిక్కుమంది. నాగవేణి పెన్‌డ్రైవు ఫార్మాట్ చేసింది, సరిచేసిన చిలకను ఎక్కించింది, వచ్చి పెట్టెకు గుచ్చింది. ఈసారి నేను లేచి చూడలేదు. పెట్టె మీద పేరు పడిందని ఆమె నవ్వులోనే తెలిసింది. నా గ్లాసులో టీ ఇంకా సగం కూడా కాలేదు.

గోపీనాథ్ మాత్రం ఇంకా మూడంగుళాల దగ్గరే ఉన్నాడు.

నాగవేణి మగ్గం పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఏవండీ, మా వైపు పనంతా అయిపోయింది. మీ మగ్గమే ఆలస్యం," అంది.